ప్లగ్గులో పెట్టే కరెంటు మీటర్ కొనొచ్చా? వాడి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, కొనొచ్చు. ఇంటి ఖర్చు ఎలా తగ్గించాలా అని ఆలోచించే ప్రతి కుటుంబం ఒక్కసారైనా దీన్ని ఇంట్లో పెట్టి చూడాలని నేను గట్టిగా నమ్ముతున్నా. కానీ మొత్తం చదవండి, ఎందుకంటే ఇది అందరికీ ఒకేలా పనికిరాదు, కొన్ని లోపాలు కూడా ఉన్నాయి, అవి తెలీకుండా కొంటే వారం తిరక్కుండా డ్రాయర్‌లో పడేస్తారు.

ఇదేంటంటే అరచేతిలో పట్టేంత చిన్న డబ్బా, వెనకాల పిన్నులు ఉంటాయి, ముందు ఒక సాకెట్, ఒక చిన్న స్క్రీన్. గోడ ప్లగ్గులో దీన్ని పెట్టి, ఫ్రిజ్జో టీవీయో దేని లెక్క కావాలంటే దాని ప్లగ్గు తీసుకొచ్చి దీనికి గుచ్చాలి, అంతే. ఆ వస్తువు ఇప్పుడు ఎన్ని వాట్లు లాగుతోంది, పెట్టిన దగ్గర్నుంచి ఎన్ని యూనిట్లు కాలింది, ఎంతసేపు అయింది అన్నీ చూపిస్తుంది. వైరింగ్ పని లేదు, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు.

మేం ఎందుకు కొన్నామంటే, ఇంట్లో అందరం బిల్లు గురించే మాట్లాడతాం కానీ ఎవరి దగ్గరా లెక్క లేదు. మామయ్యగారు గదిగదికీ వెళ్ళి లైట్లు ఆపుతూ ఉంటారు, మా ఆయన పిల్లల్ని ఫోన్ ఛార్జర్ తీయలేదని అంటారు, నాకేమో వాషింగ్ మెషీన్ మీద అనుమానం. కూరగాయలో సబ్బులో అయితే కొన్నప్పుడే రేటు కనిపిస్తుంది, కరెంటు అలా కాదు, నెలంతా వాడేసి చివర్లో ఒకటే అంకె వస్తుంది, అందులో ఏ వస్తువు వాటా ఎంతో ఎక్కడా ఉండదు. ఆ వాటా తెలుసుకోవడానికే ఇది.

వాట్, యూనిట్ తేడా తెలిస్తేనే ఇది ఉపయోగపడుతుంది కాబట్టి ఒక్క మాట. వాట్ అంటే బండి స్పీడు లాంటిది, యూనిట్ అంటే తిరిగిన దూరం. 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 100 వాట్ల వస్తువు అయితే పది గంటలకి ఒక యూనిట్. బిల్లు వచ్చేది యూనిట్లకి, అందుకే పెద్ద వాట్లు ఉన్నా రెండు నిమిషాలే నడిచే వస్తువు కంటే, చిన్న వాట్లతో రోజంతా నడిచేదే ఒక్కోసారి ఎక్కువ తినేస్తుంది. ఈ ఒక్క విషయం కళ్ళతో చూశాక మా ఇంట్లో సగం వాదనలు ఆగిపోయాయి నిజంగా.

మొదట ఫోన్ ఛార్జర్ పెట్టాం, అందరికీ దాని మీదే పట్టింపు కదా. ఫోన్ లేకుండా ఖాళీ ఛార్జర్ పెడితే స్క్రీన్ మీద సున్నా. ఇప్పుడొచ్చే ఫోన్లలో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే అందులో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు అంటే ఒక యూనిట్), ఛార్జర్‌లో వేడి రూపంలో పోయేది కలుపుకుని 25 అనుకుందాం, అంటే దాదాపు 40 సార్లు ఫుల్ ఛార్జ్ చేస్తే ఒక యూనిట్. అదే 2000 వాట్ల గీజర్ అరగంట హీటర్ ఆగకుండా నడిస్తే ఒక యూనిట్. అంటే నెల రోజులకి పైగా ఫోన్ ఛార్జ్ చేసినదంతా గీజర్ అరగంటలో తీసేసుకుంటుంది. ఇది తెలిశాక పిల్లల్ని ఛార్జర్ గురించి అనడం మానేశాం. తీసేయడం మంచి అలవాటే, కాదనను, కానీ దాంతో బిల్లు తగ్గదు.

లైట్లు కూడా అంతే. మీటర్‌ని సీలింగ్ లైటుకి పెట్టలేం కదా, అందుకని టేబుల్ లాంప్‌లో అదే ఎల్ఈడీ బల్బు పెట్టి చూశాం. 9 వాట్లు. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చేంత వెలుగు ఇస్తుంది ఇది, ఒక యూనిట్ కాలాలంటే 110 గంటలు వెలగాలి. మామయ్యగారు పెరిగిన కాలంలో లైటు ఆపడం అంటే నిజంగా డబ్బు ఆదా, ఆయన అలవాటు తప్పు కాదు, అప్పటి బల్బులకి అది కరెక్టే, మారింది బల్బు. ఇప్పుడు మా ఇంట్లో ఈ మీటర్ ఎక్కువ వాడేది ఆయనే, ఒక నోట్‌బుక్ పెట్టుకుని వస్తువు పేరు, వాట్లు, రోజుకి యూనిట్లు రాసుకుంటున్నారు.

అసలు సంగతి వేడి దగ్గరుంది. నీళ్ళు వేడి చేసేది, బట్టలు ఆరబెట్టేది, గది వేడి చేసేది, ఐరన్, ఓవెన్, వేడి పుట్టించేది ఏదైనా కరెంటు తినేస్తుంది, దానికి దారి లేదు ఎందుకంటే ఒక లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ పెరగాలంటే 1.16 వాట్ అవర్లు కావాల్సిందే, కాయిల్‌తో కాచే హీటర్ ఏ కంపెనీది అయినా అంతకంటే తక్కువలో చేయలేదు. 15 లీటర్ల నీళ్ళని 30 డిగ్రీలు పెంచాలంటే అర యూనిట్ పైనే, 2000 వాట్ల గీజర్‌కి పావుగంట దాటి పడుతుంది. కాబట్టి ఆదా చేయాలంటే ఉన్నవి రెండే దారులు, తక్కువ నీళ్ళు వేడి చేయడం, వేడి చేసినవి చల్లారకముందే వాడేయడం. మా గీజర్‌కి ప్లగ్గు ఉంది కాబట్టి పెట్టి చూడగలిగాం (మీ మీటర్ ఆ లోడు తట్టుకుంటుందో లేదో చూసే పెట్టండి, కింద చెప్తా). పొద్దున్న స్నానాలయ్యాక స్విచ్ ఆపకుండా వదిలేస్తే రాత్రి దాకా ఎవ్వరూ ఒక్క చుక్క వాడకపోయినా ముప్పావు యూనిట్ దాకా పోయింది, లోపల నీళ్ళు చల్లారడం, మళ్ళీ అదే వేడెక్కించడం, రోజంతా ఇదే పని. నెలకి లెక్కేస్తే 20 యూనిట్లు దాటుతుంది, ఎవరూ వాడని నీళ్ళకి. ఇప్పుడు స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి, ఒకరి తర్వాత ఒకరం చేసేసి ఆపేస్తున్నాం. దీనికి పైసా ఖర్చు లేదు, సౌకర్యం కూడా ఏం తగ్గలేదు.

వాషింగ్ మెషీన్ మీద నా అనుమానం సగం నిజమైంది. మామూలు నీళ్ళతో ఒక లోడు వేస్తే ఐదో వంతు యూనిట్ కూడా కాలేదు, అంటే మోటార్ తినేది చాలా తక్కువ. అదే మెషీన్‌లో 60 డిగ్రీల ప్రోగ్రామ్ పెడితే దాదాపు ముప్పావు యూనిట్ అయింది. తేడా అంతా నీళ్ళు కాచడానికే. రోజూ వేసే బట్టలకి వేడి నీళ్ళు అక్కర్లేదు, తువ్వాళ్ళు, దుప్పట్లు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోనప్పటి బట్టలు వీటికి వేడి నీళ్ళు మంచివే, అక్కడ మాత్రం పొదుపు చూడకండి. ఇంకోటి, సగం లోడు వేసినా కరెంటు సగం అవ్వదు, కాబట్టి నిండేదాకా ఆగి వేయడమే మేలు.

ఫ్రిజ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది మీటర్ పెట్టి ఐదు నిమిషాలు చూసి తీసేస్తారు, ఆ అంకె దేనికీ పనికిరాదు. కంప్రెసర్ నడిచేటప్పుడు వందో నూట యాభయ్యో వాట్లు చూపిస్తుంది, ఆగినప్పుడు దాదాపు ఏమీ ఉండదు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే మధ్యమధ్యలో మంచు కరిగించే హీటర్ ఆన్ అయ్యి కొద్దిసేపు ఒక్కసారిగా వాట్లు పెరిగిపోతాయి. కనీసం ఒక పూర్తి రోజు, వీలైతే రెండు మూడు రోజులు వదిలేసి మొత్తం యూనిట్లని రోజులతో భాగించాలి. మాది పాత ఫ్రిజ్, రోజుకి రెండు యూనిట్లకి దగ్గరగా వచ్చింది. డోరు రబ్బరు మధ్యలో ఒక కాగితం పెట్టి డోరు వేసి లాగితే సులువుగా వచ్చేసింది, అంటే అక్కడ చల్లదనం బయటికి పోతోంది. రబ్బరు మార్పించాం, వెనకాల కాయిల్ మీద పేరుకున్న దుమ్ము దులిపాం, గోడకి ఆనించి ఉన్నదాన్ని కాస్త ముందుకి జరిపాం (ప్లగ్గు తీసేసే దులపండి). మళ్ళీ కొలిస్తే ఒకటిన్నర. రోజుకి అర యూనిట్ అంటే చిన్నగానే అనిపిస్తుంది కానీ ఏడాదికి 180 దాటుతుంది, ఫ్రిజ్ ఆపేది ఉండదు కదా. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 ఉంటే సరిపోతుంది, అంతకంటే చల్లగా పెట్టడం వల్ల లాభం లేదు, అలాగని చల్లదనం మరీ తగ్గించి తిండి పాడుచేసుకోకండి, పారేసిన తిండి ఖరీదు కరెంటు ఖరీదుని మించిపోతుంది.

కొత్త ఫ్రిజ్ కొన్నాక పాతది పారేయలేక ఇంకో గదిలో పెట్టి నీళ్ళ సీసాల కోసం నడిపేవాళ్ళుంటే, దయచేసి ముందు దానికే ఈ మీటర్ పెట్టండి. నాకు తెలిసిన ఇళ్ళల్లో పెద్ద ఆదా వచ్చింది అక్కడే.

ఇక రోజంతా ప్లగ్గులో ఉండేవి. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు, ఒక్క వాట్ ఏడాది పొడుగునా నడిస్తే 8.76 యూనిట్లు. మా పాత సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో ఆపినా 12 వాట్లు లాగుతూనే ఉంది, ఆన్‌లో ఉన్నప్పుడు కూడా ఇంచుమించు అంతే, అంటే ఆపడం అనేది కేవలం లైటు రంగు మారడం వరకే. 12ని 8.76తో గుణిస్తే 105 యూనిట్లు. ఇది ఇప్పుడు స్విచ్ దగ్గరే ఆపేస్తున్నాం. అయితే అన్నిటికీ ఇలా భయపడక్కర్లేదు, స్టాండ్‌బై (రిమోట్‌తో ఆపినా ప్లగ్గులో కరెంటు లాగుతూ ఉండటం) గురించి ప్రపంచం మేలుకుని చాలా కాలమైంది, అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ఏ వస్తువైనా స్టాండ్‌బైలో ఒక్క వాట్ దాటకూడదని ప్రతిపాదించింది, యూరోపియన్ యూనియన్ 2010 నుంచి చాలా గృహోపకరణాలకి ఒక వాట్, 2013 నుంచి అర వాట్ అని పరిమితి పెట్టింది. అందువల్ల కొత్త టీవీలు స్టాండ్‌బైలో దాదాపు సున్నా చూపిస్తాయి, మాది కూడా అంతే. రోజూ వంగి సోఫా వెనక స్విచ్ ఆపాల్సిన పని లేదు. పాత స్పీకర్లు, పాత ప్రింటర్, పాత బాక్సులు ఇవే చూడాల్సినవి. వైఫై రౌటర్ మా ఇంట్లో 8 వాట్లు, అది కావాలి కాబట్టి వదిలేశాం.

మిగతావి గబగబా చెప్తా. ఎలక్ట్రిక్ కెటిల్ బాగా పనిచేసే వస్తువు, లీటరు నీళ్ళు మరగడానికి యూనిట్‌లో పదో వంతు, కానీ కప్పు కావాల్సినప్పుడు నిండా పోసి కాస్తే మిగతా అంతా వృథా. అదే నీళ్ళు మైక్రోవేవ్‌లో పెడితే ఎక్కువ కాలుతుంది, 800 వాట్లు అని రాసి ఉన్న ఓవెన్ గోడ నుంచి 1200 పైనే లాగుతుంది. ఐరన్ బాక్స్ రోజుకో చొక్కాకి వేడెక్కించే బదులు వారానికి సరిపడా ఒకేసారి చేస్కోవడం మేలు. డెస్క్‌టాప్ కంప్యూటర్ మానిటర్‌తో కలిపి 90 వాట్ల దాకా ఉంటే, అదే పని చేసే లాప్‌టాప్ 25. ఎలక్ట్రిక్ కుక్కర్ వార్మ్ మోడ్‌లో గంటల తరబడి వదిలేయకండి.

ఇప్పుడు లోపాలు, ఇవి చెప్పకపోతే రివ్యూ రివ్యూనే కాదు.

మొదటిది స్క్రీన్. గోడ ప్లగ్గు సాధారణంగా మోకాలి ఎత్తులోనో ఫ్రిజ్ వెనకాలో ఉంటుంది, స్క్రీన్‌కి లైటు ఉండదు, అంకెలు చిన్నవి, ఫోన్ లోపలికి పెట్టి ఫోటో తీసి చదవాల్సి వస్తోంది. పెద్దవాళ్ళు అలా కింద కూర్చుని చూడలేరు. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి పైకి తెచ్చుకోవచ్చు కానీ తక్కువ లోడు వస్తువులకే, గీజర్, హీటర్ లాంటివి మాత్రం ఎక్స్‌టెన్షన్ మీద అస్సలు వద్దు.

రెండోది మెమరీ. కొన్ని మోడళ్ళలో కరెంటు పోతే లెక్క మొత్తం చెరిగిపోతుంది. ఫ్రిజ్‌ని రెండు రోజులు కొలుస్తుంటే మధ్యలో కరెంటు పోయి మళ్ళీ సున్నా నుంచి మొదలైతే ఎంత విసుగ్గా ఉంటుందో, కొనేటప్పుడు బ్యాకప్ బ్యాటరీ గానీ మెమరీ గానీ ఉందో లేదో అడిగి తీస్కోండి. ఈ ఒక్కటి చూసినా చాలు.

మూడోది, బాగా చిన్న లోడ్లని సరిగ్గా చూపించదు. ఒకటి రెండు వాట్ల లోపు అంకెని నమ్మకండి, ఖాళీ ఛార్జర్ సున్నా చూపించిందంటే నిజంగా సున్నా అని కాదు, పట్టించుకోనక్కర్లేనంత తక్కువ అని. ఇంకా నాసిరకం మీటర్లలో పెద్ద సమస్య ఒకటుంది, వోల్టులనీ ఆంప్స్‌నీ ఉత్తినే గుణించి అదే వాట్లు అని చూపించేస్తాయి. ఐరన్ బాక్స్, కెటిల్ లాంటి వాటికి అది సరిపోతుంది, మోటార్ ఉన్నవాటికి, ఎలక్ట్రానిక్స్‌కి సరిపోదు, అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఇళ్ళల్లో బిల్లు వేసేది మామూలుగా నిజమైన వాట్ల మీద, అందుకని పవర్ ఫ్యాక్టర్ (అలా గుణించినదాంట్లో నిజమైన వాట్ల వాటా ఎంతో చెప్పే అంకె) కూడా చూపించే మోడల్ తీస్కుంటే మంచిది. అలాగే 1500 వాట్ల కెటిల్ పెడితే 1300 చూపించిందని మీటర్ పాడైందనుకోకండి, వోల్టేజ్ పది శాతం తగ్గితే హీటర్ పవర్ 19 శాతం తగ్గుతుంది, ఆ టైములో వోల్టేజ్ ఎంతుందో అదే స్క్రీన్‌లో చూడండి.

నాలుగోది భద్రత, అన్నిటికంటే ముఖ్యం ఇదే. మీటర్ మీద ఎన్ని ఆంప్స్ అని రాసి ఉంటుంది, దాన్ని మీ దగ్గర వచ్చే వోల్టేజ్‌తో గుణిస్తే అది తట్టుకునే గరిష్ఠ వాట్లు. 10 ఆంప్స్ మీటర్‌కి ఏసీయో పెద్ద గీజరో పెట్టొద్దు. తట్టుకుంటుందని రాసి ఉన్నా పెద్ద లోడు గంటల కొద్దీ వదిలేసి వెళ్ళిపోవద్దు, మొదటి పది నిమిషాలు దగ్గరే ఉండి, స్విచ్ ఆపి ప్లగ్గు తీసి చెయ్యి పెట్టి చూడండి, బాగా వేడెక్కినా వాసన వచ్చినా ఇంక దాన్ని ఆ లోడుకి వాడొద్దు. ఏ సేఫ్టీ గుర్తూ లేని మీటర్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఇంకా, ప్లగ్గు లేని వాటిని ఇది కొలవలేదు. ఫ్యాన్లు, గోడలోంచి నేరుగా వైరు వెళ్ళిన గీజర్, మోటార్ ఇవన్నీ బయటే. వాటికి ఖర్చు లేని దారి ఒకటుంది, ఇంటి మెయిన్ మీటర్ డిజిటల్ అయితే దాని మీద ఒక ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, పక్కనే 3200 ఇంపల్స్ పర్ యూనిట్ అనో 1600 అనో 1000 అనో రాసి ఉంటుంది. అంటే అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. మిగతావన్నీ ఆపేసి కావాల్సిన వస్తువు ఒక్కటే వేసి నిమిషంలో ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టండి. 3200 మీటర్‌లో నిమిషానికి 32 సార్లు వస్తే గంటకి 0.6 యూనిట్, అంటే 600 వాట్లు. మేం ఫ్యాన్లు ఇలాగే చూశాం, పాత ఫ్యాన్ 75 వాట్ల దగ్గర వచ్చింది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటార్ ఉన్నది) 30 దగ్గర. ఫ్యాన్ రోజుకి పది పన్నెండు గంటలు తిరిగే ఇంట్లో ఇది చిన్న తేడా కాదు, పాతవి పాడైనప్పుడు ఒక్కోటి మార్చుకుంటూ పోతే సరిపోతుంది, బాగున్నవి తీసిపారేయక్కర్లేదు.

మీటర్‌లో యూనిట్ రేటు పెట్టుకుంటే డబ్బుల్లో కూడా చూపిస్తుంది, నేను ఆ ఆప్షన్ వాడట్లేదు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరిగే చోట ఒకటే రేటు పెడితే లెక్క తప్పుతుంది, అక్కడ మీరు తగ్గించే యూనిట్లు అన్నిటికంటే ఎక్కువ రేటున్నవి, కాబట్టి నిజమైన ఆదా సగటు రేటుతో వేసినదానికంటే ఎక్కువే ఉంటుంది.

దీనికి బదులు స్మార్ట్ ప్లగ్ కొనొచ్చా అంటే, ఫోన్‌లో రోజువారీ గ్రాఫ్ కనిపిస్తుంది, వంగి చూడక్కర్లేదు, ఆ రెండూ నాకు నచ్చాయి. కాకపోతే కొన్న ప్రతిదాంట్లోనూ కొలిచే సౌకర్యం ఉండదు, పెట్టె మీద ఎనర్జీ మానిటరింగ్ అని ఉండాలి, వైఫై లేకపోతే చాలావాటితో ఇబ్బంది, దానికంటూ కొంచెం కరెంటు కూడా తింటుంది. ఒకే వస్తువుని నెలల తరబడి గమనించాలంటే స్మార్ట్ ప్లగ్, ఇల్లంతా ఒకసారి చూసుకోవాలంటే ఈ మామూలు మీటరే.

అద్దెలోనే కరెంటు కలిసి ఉన్నవాళ్ళు, నాలుగు లైట్లు ఒక ఫ్యాన్ తప్ప ఏం లేనివాళ్ళు దీని మీద డబ్బు పెట్టొద్దు. ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషీన్, పాత ఎలక్ట్రానిక్స్ ఉన్న ఉమ్మడి కుటుంబాలకి మాత్రం తప్పకుండా చెప్తా. ఇల్లంతా కొలవడం అయ్యాక దీనికి పెద్దగా పని ఉండదు, అందుకని ఇద్దరు ముగ్గురు చుట్టాలో పక్కింటివాళ్ళో కలిసి ఒకటి కొనుక్కుని తిప్పుకోవడమే సరైన పద్ధతి, మాది ఇప్పుడు మా ఆడపడుచు వాళ్ళింట్లో ఉంది.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటి తగ్గించింది స్క్రీన్‌కీ, కరెంటు పోతే చెరిగిపోయే లెక్కకీ.